జేబులో జ్ఞాపకాల పెట్టె

సెల్‌ఫోన్లో వేల ఫొటోలు దాచుకుంటున్న రోజులివి. కానీ ఒకప్పుడు ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్‌లో ఒక్క సంఖ్యను దాచాలంటే ఏడెనిమిది ఆజ్ఞలకు సరిపడా చోటు వదులుకోవాల్సి వచ్చేది. అంత ఇరుకు జ్ఞాపకంతోనే ఆ యంత్రాలు అంతరిక్షానికి వెళ్లొచ్చాయి. ఆ జ్ఞాపకం ఉందన్న కారణంతోనే పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఆగిపోయాయి. ఇదీ వాటి కథ!

అది 1975 జులై 17. భూమికి రెండొందల కిలోమీటర్లకు పైన అమెరికా వ్యోమనౌక అపోలో, సోవియట్ వ్యోమనౌక సోయజ్ ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. రెండు దేశాల నౌకలు అంతరిక్షంలో కలుసుకోవడం అదే మొదటిసారి. ఇంజిన్‌ను ఎప్పుడు మండించాలి, వేగం ఎంత మార్చాలి... లెక్కలో తేడా వస్తే రెండూ అనుకున్న చోట కలవలేవు. అపోలోలో ఉన్న థామస్ స్టాఫర్డ్, వాన్స్ బ్రాండ్, డీక్ స్లేటన్‌లకు లెక్కలు చేసిపెట్టడానికి నౌకలోనే ఓ కంప్యూటర్ ఉంది. కానీ అది మొరాయిస్తే?

అందుకే వాళ్లు ఇంకో లెక్కల యంత్రాన్నీ వెంట తీసుకెళ్లారు. అరచేతిలో ఇమిడిపోయే ఆ యంత్రం పేరు హెచ్‌పీ-65. బరువు మూడొందల గ్రాములకు కాస్త ఎక్కువ. కంప్యూటర్ చెప్పిన జవాబుల్ని సరిచూసుకోవడానికి, అవసరమైతే సొంతంగా లెక్క కట్టడానికి దాన్ని ఉపయోగించారు. మరి దాని జ్ఞాపకశక్తి ఎంత? వంద స్టెప్పుల ప్రోగ్రామ్, తొమ్మిది సంఖ్యలు. అంతే!

నాసా శాస్త్రవేత్తలు రాసిచ్చిన ప్రోగ్రామ్‌లేమో దాదాపు వెయ్యి స్టెప్పులు. వంద పట్టే బుర్రలో వెయ్యి ఎలా పడతాయి? చూయింగ్ గమ్ ముక్కంత అయస్కాంత కార్డుల మీద వాటిని ముందే రాసి పెట్టుకున్నారు. ఒక కార్డు తోస్తే వంద స్టెప్పులు యంత్రంలోకి వస్తాయి. ఆ పని అయ్యాక ఇంకో కార్డు. కొత్తది రాగానే పాతది చెరిగిపోతుంది. అలా మరచిపోతూ, గుర్తు చేసుకుంటూ ఆ బుల్లి యంత్రం వ్యోమగాములకు తోడుగా నిలిచింది.

కిరాణా కొట్టులో ఒకే ఒక్క అర

కాలిక్యులేటర్‌కు జ్ఞాపకం ఏమిటి అనుకుంటున్నారా? అది రోజూ చూసేదే. కిరాణా కొట్టుకు వెళ్తాం. 25 కిలోల బియ్యం, కిలో 52 రూపాయల చొప్పున 1,300. కొట్టతను ‘ఎం ప్లస్’ బటన్ నొక్కుతాడు. మూడు కిలోల కందిపప్పు, కిలో 160 చొప్పున 480. మళ్లీ ఎం ప్లస్. అయిదు లీటర్ల నూనె, లీటరు 140 చొప్పున 700. ఇంకోసారి ఎం ప్లస్. చివర్లో ‘ఎంఆర్‌సీ’ నొక్కితే 2,480 అని తెర మీదికొస్తుంది. ఒక్కో లెక్కా చేస్తూనే, మొత్తాన్ని ఎక్కడో దాచి ఉంచింది కదా! ఆ దాచిన చోటే మెమరీ. ఇంజినీర్లు దాన్ని రిజిస్టర్ అంటారు. మనం ‘అర’ అనుకుందాం. బీరువాలో అర లాంటిదే. ఒక్కో అరలో ఒక్క సంఖ్యే పడుతుంది. కొట్టులోని మామూలు కాలిక్యులేటర్‌కు ఉండేది అలాంటి అర ఒక్కటే.

పిల్లలు వాడే సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో అరలు ఎక్కువ. మన ఇంజినీరింగ్ విద్యార్థుల చేతుల్లో బాగా కనిపించే క్యాషియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్‌నే తీసుకోండి. ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, ఎక్స్, వై, ఎం... మొత్తం తొమ్మిది. ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ ఇంకో మెట్టు పైన ఉంటుంది. అది సంఖ్యలనే కాదు, ‘ముందు దీన్ని వర్గం చెయ్యి, తర్వాత దానితో కూడు, జవాబు సున్నా కన్నా తక్కువైతే మళ్లీ మొదటికి వెళ్లు’ లాంటి ఆజ్ఞల్నీ వరసగా గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కో ఆజ్ఞ ఒక్కో స్టెప్పు. ఒక బటన్ నొక్కితే చాలు, అన్నీ తనే చేసుకుపోతుంది.

సంఖ్యలకూ ఆజ్ఞలకూ ఉండేది ఒకే బీరువా. అసలు చిక్కంతా అక్కడే!

యాభై ఆరు దీపాలు

ఒక సంఖ్యను దాచడానికి ఎంత చోటు కావాలి? ఓ నాలుగు చిన్న దీపాలు ఊహించుకోండి. ఒక్కోటి వెలిగైనా ఉంటుంది, ఆరైనా ఉంటుంది. నాలుగింటితో పదహారు రకాల అమరికలు వస్తాయి. అందులో పది తీసుకుంటే సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ అంకెనైనా చూపించొచ్చు. ఈ దీపాన్నే కంప్యూటర్ భాషలో బిట్ అంటారు. అంటే ఒక అంకెకు నాలుగు బిట్లు.

ఇప్పుడు కాంతి వేగాన్ని దాచాలి. సెకనుకు 29,97,92,458 మీటర్లు. కాలిక్యులేటర్ దీన్ని 2.99792458 అని ఒక ముక్కగా, పదికి ఎనిమిదో ఘాతం అని ఇంకో ముక్కగా విడదీస్తుంది. హెచ్‌పీ కాలిక్యులేటర్లలో మొదటి ముక్కకు పది అంకెల చోటు, అంటే 40 బిట్లు. దాని ముందు ప్లస్సో మైనస్సో చెప్పడానికి నాలుగు. ఘాతానికి రెండు అంకెలు, అంటే ఎనిమిది. ఘాతం గుర్తుకు ఇంకో నాలుగు. మొత్తం 56 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి సరిగ్గా ఏడు బైట్లు.

ఘాతానికి రెండంకెల చోటే ఉందన్న సంగతిని ఇంట్లోనే పరీక్షించొచ్చు. సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో 69 ఫ్యాక్టోరియల్, అంటే ఒకటి నుంచి 69 దాకా ఉన్న సంఖ్యలన్నిటి లబ్ధం, అడగండి. ఠక్కున చెబుతుంది. అది 99 అంకెల సంఖ్య. ఇప్పుడు 70 ఫ్యాక్టోరియల్ అడగండి. చాలా కాలిక్యులేటర్లు ఎర్రర్ అంటాయి. లెక్క రాక కాదు. జవాబు 101 అంకెలకు చేరింది. ఘాతం గడిలో 99 దాటి రాయడానికి చోటు లేదు!

ఇంకో చిత్రం. ఇవాళ ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు కావాలి. ‘రామ’ అని రాయాలంటే తొమ్మిది బైట్లు. అంటే కాంతి వేగం హాయిగా సర్దుకునే ఆ ఏడు బైట్ల అరలో రాముడి పేరు పట్టదన్నమాట!

తీగలో తిరిగిన అంకెలు

చిప్పులు చవకగా దొరకని రోజుల్లో జ్ఞాపకాన్ని ఎక్కడ దాచేవారు? ఇటలీకి చెందిన ఒలివెట్టి కంపెనీ 1965లో ప్రోగ్రామా 101 అనే బల్లమీది యంత్రాన్ని న్యూయార్క్‌లో ప్రదర్శించింది. పియెర్ జార్జియో పెరోటో బృందం తయారుచేసిన ఆ యంత్రంలో సంఖ్యలు దాగింది చుట్టలు చుట్టిన ఓ లోహపు తీగలో. తీగ ఒక చివర విద్యుత్తుతో చిన్న మెలిక తిప్పుతారు. ఆ మెలిక అలలా తీగ వెంట ప్రయాణించి రెండో చివరకు చేరుతుంది. అక్కడ దాన్ని పట్టుకుని, బలం పెంచి, మళ్లీ మొదటి చివర నుంచి పంపిస్తారు. మెలిక ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. అంకెలు ఆగకుండా తిరుగుతున్నంత సేపే జ్ఞాపకం. కరెంటు పోతే అంతా మాయం!

మొత్తం పది అరలు, 240 బైట్లు. ధర 3,200 డాలర్లు. విచిత్రమేమంటే సంఖ్యలకూ ఆజ్ఞలకూ మధ్య చోటు తగాదా అప్పుడే మొదలైంది. ఆజ్ఞలకు కేటాయించిన రెండు అరల్లో 48 పట్టేవి. ఇంకా కావాలంటే సంఖ్యల కోసం ఉంచిన అరల్లో మూడింటిని వదులుకోవాలి. అప్పుడు 120 దాకా రాసుకోవచ్చు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన అపోలో 11 యాత్ర కోసం నాసా ఉద్యోగులు వాడిన యంత్రాల్లో ఇదీ ఒకటి.

ఆ తర్వాత 1968లో హ్యూలెట్-ప్యాకార్డ్ (హెచ్‌పీ) కంపెనీ 9100ఏ అనే బల్లమీది కాలిక్యులేటర్ తెచ్చింది. దాన్ని చూసి కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన బిల్ హ్యూలెట్ ‘ఇది నా చొక్కా జేబులో పట్టాలి’ అన్న కోరిక బయటపెట్టారు. ఆ కోరికే 1972లో హెచ్‌పీ-35గా మారింది. సైన్, కాస్, లాగరిథం చేయగలిగిన తొలి జేబు కాలిక్యులేటర్ అదే. ధర 395 డాలర్లు. 35 బటన్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. దాని రాకతో స్లైడ్ రూల్‌కూ, లాగరిథం పట్టికలకూ కాలం చెల్లడం మొదలైంది. అయితే వాడేవాళ్లు కావాలని దాచుకోవడానికి అందులో ఉన్న అర ఒక్కటే! లెక్క నడుస్తున్నప్పుడు తాత్కాలికంగా సంఖ్యల్ని పట్టి ఉంచే నాలుగు గళ్ల దొంతర మాత్రం అదనంగా ఉండేది.

చెరపలేని రాత

జ్ఞాపకంలోనూ రెండు రకాలున్నాయి. పలక మీద రాత ఒకటి, శిలాశాసనం ఇంకోటి. మనం దాచే సంఖ్యలు పలక మీద రాత లాంటివి. సైన్ ఎలా కట్టాలి, వర్గమూలం ఎలా తీయాలి అని ఫ్యాక్టరీలోనే చిప్పులో చెక్కి ఇచ్చేది శిలాశాసనం. హెచ్‌పీ-35 తెలివితేటలన్నీ అలాంటి 768 ఆజ్ఞల్లోనే ఇమిడిపోయాయి.

చెక్కిన రాతలో తప్పు దొర్లితే? అదే జరిగింది. 2.02కి లాగరిథం కనుక్కుని, వెంటనే దాన్ని వెనక్కి తిప్పితే మళ్లీ 2.02 రావాలి. వచ్చింది 2! యంత్రాలు అప్పటికే వేల మంది చేతుల్లో ఉన్నాయి. చిప్పులోని రాతను చెరిపి దిద్దడం కుదరదు. కంపెనీ దాచిపెట్టలేదు. కొన్నవాళ్లకు సంగతి చెప్పి, కావాలంటే మార్చి ఇస్తామంది. ఒక వంతెన లెక్కో, విమానం లెక్కో ఇలాంటి పెట్టె మీద ఆధారపడినప్పుడు, అది గుర్తుపెట్టుకున్నది సరైనదేనా అన్నది చిన్న విషయం కాదు మరి.

ఆపితే అంతా గోవిందా!

అపోలోలో వెళ్లిన హెచ్‌పీ-65 అమ్మకానికి వచ్చింది 1974లో. ధర 795 డాలర్లు. కార్డు మీద ప్రోగ్రామ్ రాసి దాచుకోగలిగిన తొలి చేతి కాలిక్యులేటర్ అది. అంత డబ్బు పెట్టలేని వాళ్ల కోసం 1975లో హెచ్‌పీ-25 వచ్చింది. 49 స్టెప్పులు, ఎనిమిది అరలు. ధర తక్కువే కానీ కార్డు పెట్టే వీలు లేదు. దాంతో ఓ పెద్ద బాధ. 49 స్టెప్పుల్నీ ఓపిగ్గా ఒక్కొక్కటే నొక్కి ప్రోగ్రామ్ ఎక్కిస్తాం. పని అయ్యాక బ్యాటరీ ఆదా చేద్దామని ఆపేస్తాం. అంతే... అన్నీ మాయం. మర్నాడు మళ్లీ మొదటి స్టెప్పు నుంచి మొదలు. మధ్యలో ఒక్కటి తప్పు నొక్కినా జవాబు తేడా వస్తుంది. కాగితం మీద రాసుకున్న ప్రోగ్రామే అసలు జ్ఞాపకం, యంత్రంలో ఉన్నది నీటి మీద రాత!

ఆ బాధ 1976లో తీరింది. హెచ్‌పీ-25సీ వచ్చింది. చూడ్డానికి పాతదానిలాగే ఉంటుంది. లోపల మాత్రం సీమాస్ రకం మెమరీ చిప్పు పెట్టారు. కాలిక్యులేటర్‌ని ఆపేసినా బ్యాటరీ నుంచి చుక్క చుక్కగా కరెంటు తీసుకుంటూ అందులోని రాతను కాపాడుకుంటుంది. రాత్రి ఆపి పొద్దున్నే తెరిస్తే నిన్నటి ప్రోగ్రామూ ఉంటుంది, నిన్నటి సంఖ్యలూ ఉంటాయి. ఇవాళ మనకిది వింతే కాదు. అప్పట్లో జేబులో పట్టే యంత్రానికి మతిమరుపు పోవడం గొప్ప సంగతి.

ఇటు పెంచితే అటు తరుగు

1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) కంపెనీ టీఐ-59ని విడుదల చేసింది. దాని మొత్తం జ్ఞాపకం 960 బైట్లు. ఫోన్‌తో తీసే రెండు మెగాబైట్ల ఫొటో ఒక్కటి దాచాలంటే రెండు వేలకు పైగా టీఐ-59లు కావాలి! అయినా ఆ రోజుల్లో అది రాజా. ఎందుకంటే ఆ చోటును ఎలా పంచుకోవాలో వాడేవాళ్లకే వదిలేసింది.

కొనగానే 480 స్టెప్పులు, 60 అరలుగా ఉంటుంది. అరలు ఇంకా కావాలా? పది అరలకు 80 స్టెప్పుల చొప్పున వదులుకోవాలి. అంటే ఒక్క సంఖ్య ఖరీదు ఎనిమిది స్టెప్పులు. అలా పెంచుకుంటూ పోతే వంద అరలు, 160 స్టెప్పులు. అరలే వద్దనుకుంటే 960 స్టెప్పులు.

ఇది ఎంత చిక్కు ప్రశ్నో ఓ సర్వేయర్ వైపు నుంచి చూడండి. పొలం చుట్టూ 30 చోట్ల కొలతలు తీశాడు. ఒక్కో చోటుకు రెండు సంఖ్యలు, తూర్పుకెంత, ఉత్తరానికెంత అని. మొత్తం 60 అరలు సరిపోయాయి. విస్తీర్ణం కట్టడానికి 480 స్టెప్పులు మిగిలాయి. బాగుంది. ఇంకో పొలం వంకరటింకర. 50 చోట్ల కొలవాల్సి వచ్చింది. వంద అరలు నిండిపోయాయి. విస్తీర్ణం కట్టే ప్రోగ్రామ్ ఇప్పుడు 160 స్టెప్పుల్లోనే ఇమడాలి. ఇమడకపోతే? కొలతలు తగ్గించుకోవాలి, లేదా పొలాన్ని రెండు ముక్కలు చేసి లెక్క కట్టాలి. అందుకే ఒక్క స్టెప్పు పొదుపు చేసినా పండగే. కందిరీగ నడుములాంటి ప్రోగ్రామ్‌లు రాయడం ఓ కళ అయిపోయింది.

ఈ పంపకాన్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా చేసింది. 1981లో వచ్చిన హెచ్‌పీ-11సీ మొదట 63 స్టెప్పులు, 21 అరలు ఇస్తుంది. 64వ స్టెప్పు నొక్కారనుకోండి, అడగకుండానే చివరి అరను ఏడు స్టెప్పులుగా మార్చేస్తుంది. ఆ అరలో ఏదైనా సంఖ్య దాచి ఉంటే అది పోయినట్టే! ఒక్కో అర ఏడు బైట్లు, ఒక్కో స్టెప్పు ఒక బైటు. అందుకే ఏడు. అలా ఇరవై అరలు కరిగిపోయాక 203 స్టెప్పుల దగ్గర ఆగుతుంది. మిగిలేది ఒకే ఒక్క అర.

జపాన్‌కు చెందిన క్యాషియో 1985లో తెచ్చిన ఎఫ్‌ఎక్స్-7000జీ తెర మీద గ్రాఫులు గీసే తొలి కాలిక్యులేటర్. బొమ్మలు గీసినా దాని ప్రోగ్రామ్‌ల చోటు 422 బైట్లే. ఏ నుంచి జెడ్ దాకా 26 అరలు ఉచితం. అంతకు మించి కావాలంటే అరకు ఎనిమిది బైట్లు. 422ను ఎనిమిదితో భాగిస్తే 52. అవీ ఇవీ కలిపి 78. లెక్క సరిపోయింది కానీ, అప్పటికి ప్రోగ్రామ్ రాయడానికి మిగిలేది ఆరు బైట్లు!

అటక మీద దొరికిన చోటు

ఇల్లు ఇరుకైనప్పుడు ఏం చేస్తాం? అటక మీదికి చూస్తాం. 1979లో వచ్చిన హెచ్‌పీ-41సీ వాడినవాళ్లు సరిగ్గా అదే చేశారు. ఆ యంత్రానికి 63 అరలు. నాలుగు మెమరీ ముక్కలు విడిగా కొని దూరిస్తే ఒక్కోదానితో 64 చొప్పున పెరిగి 319 అవుతాయి. అంటే 2,233 బైట్లు. తెర మీద అక్షరాలు కూడా వచ్చేవి. అందుకోసం 24 అక్షరాలు పట్టే చోటు వేరేగా ఉండేది.

విలియం విక్స్ అనే భౌతికశాస్త్రవేత్త, ఆయనలాంటి మరికొందరు ఔత్సాహికులు ఆ యంత్రాన్ని తవ్వడం మొదలుపెట్టారు. కంపెనీ పుస్తకంలో లేని ఆజ్ఞల్ని పుట్టించే దారి దొరికింది. వాటితో చూస్తే అక్షరాల కోసం ఉంచిన చోటు కూడా లోపల ఏడేసి బైట్ల అరలే. అక్షరాలు అవసరం లేనప్పుడు అందులో మూడు సంఖ్యలు దాచుకోవచ్చు! ఈ విద్యకు సింథటిక్ ప్రోగ్రామింగ్ అని పేరొచ్చింది. విక్స్ 1980లో దాని మీద పుస్తకమే రాశారు. ఆ తర్వాత ఆయన హెచ్‌పీలోనే చేరారు. ఆ కంపెనీ తెచ్చిన తర్వాతి తరం కాలిక్యులేటర్ల రూపకల్పనలో ముఖ్యుడయ్యారు. తాళం తీసినవాణ్నే తాళాలు చేసే పనిలో పెట్టుకున్నారన్నమాట.

హెచ్‌పీ-41సీ కూడా అంతరిక్షానికి వెళ్లింది. 1981 ఏప్రిల్ 12న జాన్ యంగ్, రాబర్ట్ క్రిపెన్ తొలి స్పేస్ షటిల్‌లో బయల్దేరినప్పుడు వాళ్ల సరంజామాలో అదీ ఉంది. ఏ భూకేంద్రంతో ఎప్పుడు మాట్లాడే వీలుంటుందో చెప్పడం, తిరిగి వచ్చేటప్పుడు నౌక గరిమనాభి ఎక్కడ ఉందో లెక్కగట్టడం లాంటి పనులకు వాడారు. అపోలో నాటి తొమ్మిది అరల యంత్రానికీ, దీనికీ మధ్య గడిచింది ఆరేళ్లే. కార్డులు మార్చే పని తగ్గింది. ఆపినా మరచిపోదన్న ధైర్యం వచ్చింది.

జ్ఞాపకం ఎక్కువైతే అనుమానం

ఇంత కష్టపడి పెంచుకున్న జ్ఞాపకమే చివరికి కాలిక్యులేటర్‌కు చిక్కు తెచ్చిపెట్టింది. 1990లో వచ్చిన టీఐ-81లో 2,400 బైట్లుండేవి. 2004 నాటి టీఐ-84 ప్లస్‌కు వచ్చేసరికి పని చేసుకోవడానికి 24 కిలోబైట్లు, దాచుకోవడానికి 480 కిలోబైట్లు. అమెరికాలో చదువుకునే మన పిల్లలకు బాగా పరిచయమైన కాలిక్యులేటర్ ఇది. అంత చోటు ఉంటే సంఖ్యలే కాదు, ఫార్ములాలూ పాఠాలూ కూడా రాసుకోవచ్చు. పరీక్షకు ముందు టీచర్లు మెమరీ చెరిపేయమనేవారు. చెరిపేసినట్టు తెర మీద ఉత్తుత్తి సందేశం చూపించే ప్రోగ్రామ్‌లు రాసిన పిల్లలూ ఉన్నారు! పైగా పైపైన చెరిపితే దాచుకునే చోట ఉన్నవి అలాగే ఉండిపోతాయి. దాంతో కంపెనీలు ‘ఎగ్జామ్ మోడ్’ తెచ్చాయి. అది వేస్తే దాచినవి కనపడవు. కొన్ని మోడళ్లలో పైన చిన్న దీపం మినుకుమంటూ ఇన్విజిలేటర్‌కు సాక్ష్యం చెబుతుంది.

మన దగ్గర పద్ధతి వేరు. ఇంజినీరింగ్ పరీక్షల హాలు బయట ‘ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లకు అనుమతి లేదు’ అన్న మాట మామూలే. ఆ మాటకు అర్థం ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్‌లోనే కనిపిస్తుంది. ఏ, బీ, సీలలో దాచిన సంఖ్యలు ఆపినా ఉంటాయి. సూత్రం టైపు చేసి ‘కాల్క్’ నొక్కితే విలువలు అడిగి జవాబిస్తుంది. కానీ ఆ పని నుంచి బయటికి రాగానే సూత్రాన్ని మరచిపోతుంది. అంటే సంఖ్యల జ్ఞాపకం ఉండొచ్చు, ఆజ్ఞల జ్ఞాపకం ఉండకూడదు. గీత అక్కడ గీశారు. చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షల్లో కాలిక్యులేటర్‌కు నియమం ఇంకా స్పష్టం... ఆరు ఫంక్షన్లు, 12 అంకెలు, రెండు మెమరీలకు మించకూడదు. గేట్ పరీక్ష ఆన్‌లైన్‌కు మారాక గొడవే లేకుండా కాలిక్యులేటర్‌ను తెర మీదే ఇస్తున్నారు. జేఈఈలో అయితే అసలు ఏ కాలిక్యులేటర్‌నీ రానివ్వరు.

గృహరుణం లెక్కలో 30 వేల తేడా!

ఇంట్లో ఉన్న కాలిక్యులేటర్‌లోని అరలు అందరికీ పనికొచ్చేవే. వాటిని వాడకపోతే ఏమవుతుందో ఓ ఉదాహరణ. 20 లక్షల గృహరుణం. వడ్డీ ఏడాదికి ఎనిమిదిన్నర శాతం. 20 ఏళ్లు కట్టాలి. నెల వడ్డీ కోసం 0.085ను 12తో భాగిస్తే 0.007083333 అని వస్తుంది. ‘ఎందుకులే అంత పొడుగు’ అని కాగితం మీద 0.007 అని రాసుకుని మిగతా లెక్క చేస్తే నెలవాయిదా 17,230 రూపాయలు వస్తుంది. ఆ సంఖ్యను కత్తిరించకుండా ‘ఏ’ అనే అరలో దాచి అక్కడి నుంచే వాడితే 17,356 వస్తుంది. తేడా నెలకు 126 రూపాయలు. 240 నెలలకు 30 వేల రూపాయలకు పైనే!

అందుకే విద్యార్థులైనా, పెద్దలైనా గుర్తుంచుకోవాల్సినవి కొన్ని.

* మధ్యలో వచ్చిన జవాబును తెర మీద చూసి మళ్లీ టైపు చేయొద్దు. ‘ఆన్సర్’ బటన్ వాడాలి, లేదా అరలో దాచాలి. 991ఈఎస్ ప్లస్ తెర మీద పది అంకెలు చూపినా లోపల 15 అంకెలతో లెక్క చేస్తుంది. తిరిగి టైపు చేస్తే దాగి ఉన్న ఆ అంకెలు పోతాయి.

* నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. రెండు వర్గమూలం దశాంశాల్లో 1.414213562. దాన్ని టైపు చేసి వర్గం చేస్తే 1.999999999 వస్తుంది. ‘ఆన్సర్’తోనే వర్గం చేస్తే నిఖార్సయిన 2.

* కొత్త లెక్కకు ముందు ఎం మెమరీ ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. ఆపి మళ్లీ పెట్టినా పాత మొత్తం అందులో ఉండిపోవచ్చు. ఎం ప్లస్ నొక్కితే దాని మీదే కూడుతుంది.

* పరీక్షకు వెళ్లే ముందు రోజే మెమరీ అంతా చెరిపేసి, డిగ్రీలా రేడియన్లా అన్నది మళ్లీ పెట్టుకోవాలి. అన్నీ రీసెట్ చేస్తే ఆ అమరిక కూడా మొదటికి వస్తుంది.

* ముఖ్యమైన సంఖ్యను కాగితం మీద కూడా రాసి ఉంచుకోవాలి. బ్యాటరీ తీస్తే అరల్లోవి పోయే యంత్రాలు చాలానే ఉన్నాయి.

ఇప్పుడు టీఐ-59, హెచ్‌పీ-41 లాంటి యంత్రాలన్నీ ఫోన్లో యాప్‌లుగా దొరుకుతున్నాయి. 1981లో పుట్టిన హెచ్‌పీ-12సీ మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతోంది. వడ్డీలు, వాయిదాలు లెక్కగట్టేవాళ్లకు అదంటే అంత నమ్మకం. దాని తొలి మోడల్‌లో ఉన్న అరలు ఇరవై. ప్రోగ్రామ్ పెరిగేకొద్దీ అవీ ఏడేసి స్టెప్పుల చొప్పున కరిగిపోయేవే. అయితేనేం... ఏ సంఖ్యను ఉంచుకోవాలో, దేన్ని వదిలేయాలో తెలిసినవాళ్లకు ఆ ఇరవై అరలే బోలెడు!